పెద్ద బ్లూగిల్ చేపలను తిరిగి నీటిలో వదలాలా? మిన్నెసోటా సరస్సుల గురించి ఒక సందేహం

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్‌కు గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న సరస్సుకు మూడేళ్లుగా వేసవిలో మేము గాలం వేయడానికి వెళుతున్నాము. లైసెన్సు తీసుకున్నాము, రోజుకు 20 సన్‌ఫిష్‌లన్న (బ్లూగిల్ ఈ జాతి చేపలలో ఒకటి) పరిమితిని ఏనాడూ దాటలేదు. చిన్న చేపలను వదిలేసి, అరచేతిని మించిన బ్లూగిల్‌లను మాత్రమే ఇంటికి తెచ్చుకుంటాము. చిన్నవాటిని పెరగనివ్వాలన్నది మా నాన్నగారు నేర్పిన పద్ధతి. మొన్న జూన్ మొదటి వారంలో పడవల రేవు దగ్గర ఒక స్థానిక పెద్దాయన మా బకెట్టులోకి చూసి, పెద్దవాటిని వదిలిపెట్టి చిన్నవాటిని తీసుకువెళ్లమని మర్యాదగానే చెప్పారు. నాకు ఇది తలకిందుల మాటగా తోచింది. అయితే ఈ మూడేళ్లలో పెద్ద చేపలు పడటం తగ్గిన సంగతి నిజమే. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

ఆ పెద్దాయన సరిగ్గానే చెప్పారండీ. మీ నాన్నగారి మాటలో కూడా తప్పు లేదు, కాకపోతే అది వేరే చేపలకు చెల్లే మాట. మన చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి నిలవనీటిలో సాధారణంగా గుడ్లు పెట్టవు కనుక ఏటా పిల్లలను తెచ్చి వదులుతాము, పెరిగినవాటిని పట్టుకుంటాము. అక్కడ పెద్ద చేపను తీసినా మరుసటి ఏటి పంటకు లోటు రాదు. మీరు వెళ్లే సరస్సులో బ్లూగిల్ తన సంతానాన్ని తానే కని కాపాడుకోవాలి.

మే చివరి నుంచి జూలై వరకు, నీరు 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉన్నప్పుడు, ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీటిలోకి జాగ్రత్తగా చూడండి. ఇసుకలో పళ్లెమంత గుంటలు పక్కపక్కనే పదుల సంఖ్యలో కనిపిస్తాయి. మగ చేప తోకతో ఇసుకను ఊడ్చి చేసుకున్న గూళ్లు అవి. ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది అక్కడే నిలిచి, రెక్కలతో గుడ్లకు నీటిని విసురుతూ, దగ్గరకు వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది. గుడ్లు రెండు మూడు రోజుల్లో పగిలినా, పిల్లలు ఈదుకుంటూ వెళ్లేదాకా అది గూడు విడవదు. ఆ రోజుల్లో సరిగా తినదు, కానీ గూటి మీదికి వచ్చిన వానపామును మాత్రం కోపంతో కరుస్తుంది. అందుకే జూన్‌లో పెద్ద మగ చేపలు అంత సులువుగా పడతాయి. దాన్ని తీసిన కాసేపటికే చుట్టుపక్కల చిన్న చేపలు గూటిలోని గుడ్లను తినేస్తాయి.

అసలు నష్టం ఇంకొకటి ఉంది. పెద్ద మగ చేపలు ఉన్న సరస్సులో చిన్న మగవాటికి మంచి గూడు స్థలం దక్కదు కనుక అవి ఇంకొన్నేళ్లు తిని పెరుగుతాయి. పెద్దవి పోతే ఆ అడ్డు ఉండదు. చిన్నవి ముందే ఈడేరి, ఒంటికి పట్టాల్సిన శక్తిని గూటికీ కాపలాకూ ఖర్చు చేసి, అయిదారు అంగుళాల దగ్గరే ఆగిపోతాయి. చేపల సంఖ్య తగ్గకుండానే సరస్సు నిండా గిడసబారిన చేపలు మిగులుతాయి. ఈ చల్లని నీటిలో బ్లూగిల్ ఎనిమిది అంగుళాలు కావడానికి ఆరేడేళ్లు, కొన్ని సరస్సులలో అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మీరు ఒక సాయంత్రం తెచ్చుకునే పది పెద్ద చేపల స్థానం నిండడానికి ఎంత కాలమో ఆలోచించండి.

ఈ కారణంగానే మిన్నెసోటా సహజ వనరుల శాఖ 2021 నుంచి ఎంపిక చేసిన కొన్ని సరస్సులలో సన్‌ఫిష్ పరిమితిని రోజుకు 5కు లేదా 10కి తగ్గించింది. మీ సరస్సు ఆ జాబితాలో ఉందేమో రేవు దగ్గరి బోర్డు చూడండి. జాబితాలో లేకపోయినా, ఆరేడు అంగుళాలవి కొన్ని వండుకోవడానికి తీసుకుని ఎనిమిది దాటినవాటిని వదలండి. గూళ్ల కాలంలో రాగిరంగు ఛాతీ, మొప్పల మూత చివర పెద్ద నల్లని మచ్చ ఉన్న మగవాటిని అసలు తీసుకోవద్దు.

మన కొరమీను కూడా ఇలాగే తన ఎర్రటి పిల్లల గుంపును కాస్తుంది. పిల్లలతో ఉన్న కొరమీనును పట్టరాదని మా ఊళ్లో పెద్దలు అనేవారు. మీ నాన్నగారికి ఆ పోలికతో చెబితే వెంటనే ఒప్పుకుంటారు.

మరొక సభ్యుని సందేహం

మా ఇంటి వెనుక కుంటలో అన్నీ నాలుగంగుళాల చేపలే ఉన్నాయి. పెద్దవి పడితే వదులుతూనే ఉన్నాను, ఫలితం కనిపించలేదు. ఎందుకంటారు?

రెండవ సమాధానం

మీ కుంటలో వేట చేపలు తక్కువై ఉంటాయండీ. లార్జ్‌మౌత్ బాస్ వంటివి పిల్ల బ్లూగిల్‌లను తిని గుంపును పలచన చేయకపోతే ఉన్న ఆహారం అందరికీ చాలదు. నాచు మరీ దట్టంగా ఉన్నా బాస్‌కు పిల్లలు దొరకవు. అటువంటి చోట పెద్ద బ్లూగిల్‌లను వదిలితే సరిపోదు, గాలానికి పడిన బాస్‌ను కూడా తిరిగి నీటిలో వదలాలి, చిన్న బ్లూగిల్‌లను నిబంధనల మేరకు ధారాళంగా తీసుకోవాలి.

వదిలే పద్ధతి గురించి కూడా ఒక మాట. పొడి చేతితో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు ఊడిపోయి తర్వాత జబ్బు పడుతుంది. చేయి తడుపుకుని, తల వైపు నుంచి వెనక్కి నిమురుతూ వీపు ముళ్లను అణచిపెట్టి పట్టుకోండి. గాలం లోతుగా మింగితే పెరకవద్దు, దారాన్ని నోటి దగ్గర కోసి వదలండి. బకెట్టులో గంటసేపు ఉంచిన చేపను పెద్దది దొరికిందని మార్చుకోవడం వదలడం కిందికి రాదు. బ్లూగిల్‌కు దగ్గరి బంధువైన క్రాపీ అనే చేపల విషయంలో మాత్రం ఇంకో జాగ్రత్త అవసరం. 30 అడుగులకు మించిన లోతు నుంచి లాగిన క్రాపీకి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా చాలా చేపలు బతకవు. శీతకాలంలో మంచు మీద పట్టేటప్పుడు అంత లోతున పట్టి వదలడం కంటే, తినడానికి సరిపడా రాగానే గాలం తీసేయడం మేలు.

అడిగినవారు

చాలా కృతజ్ఞతలండీ. నిన్న వెళ్లి చూశాము. రేవుకు ఎడమ పక్కన, తామరాకులు ఆగిపోయే చోట ఇరవై దాకా గూళ్లు లెక్కపెట్టాము. నాలుగింటి మీదే చేపలు నిలబడి ఉన్నాయి. అటు గాలం వేయకుండా పడవను అవతలి ఒడ్డుకు తీసుకువెళ్లి, ఏడు అంగుళాల లోపువి ఆరు తెచ్చుకున్నాము. తొమ్మిది అంగుళాలది ఒకటి పడింది. మా అమ్మాయి చేతులు తడుపుకుని తనే వదిలింది.