మెలోడీ బ్యాండా, కరావోకే ట్రాకా? చిన్న పందిళ్ళలో వాయించేవాళ్ళు చెప్పండి

కీబోర్డు బరంపురం:
మాది ఐదుగురి బృందం. పగలు ఎవరి ఉద్యోగం, ఎవరి కొట్టు వాళ్ళది. రాత్రి ఎనిమిదిన్నర దాటాక మా డాబా మీద గదిలో సాధన. పన్నెండేళ్ళుగా వినాయక చవితి, శ్రీరామనవమి పందిళ్ళలో, షష్టిపూర్తుల్లో వాయిస్తున్నాం. ఇచ్ఛాపురం దాటితే ఆర్కెస్ట్రా అంటారు, ఇక్కడ ఒడిశా వైపు అందరూ 'మెలోడీ' అనే అంటారు. రెండూ ఒకటే.

మొన్న మా వీధి కమిటీ పెద్దాయన పిలిచి, "బాబూ, ఐదుగురెందుకు? ఒక స్పీకరు, ఇద్దరు పాడేవాళ్ళు చాలదా? ముందే రికార్డు చేసిన సంగీతం, అదే ట్రాకు, దానిలో వయొలిన్లు కూడా వినబడతాయి కదా" అన్నారు. మేం అడిగింది రూ.6,000. అందులో సౌండుకి 2,500, సామాను మోసే ఆటోకి 600. మిగిలింది ఐదుగురు పంచుకుంటే ఎంతో మీరే లెక్కేయండి. కరావోకే క్లబ్బువాళ్ళు ఊరికే పాడతామన్నారట, దాంతో మా పేరు కొట్టేశారు.

డబ్బు పోయిందని ఏడుపు కాదు. నా ప్రశ్న ఒక్కటే. ట్రాకు మీద పాడితే అది లైవ్ ప్రోగ్రాం అవుతుందా? నా మటుకు నాకు కాదు. ఎందుకో చెప్తాను. పోయిన శ్రీరామనవమికి మా వీధి పదకొండేళ్ళ పాప స్టేజీ ఎక్కింది. పల్లవి బాగానే పాడింది. చరణం దగ్గర జనాన్ని చూసి బిగుసుకుపోయింది. నోరు తెరిచింది, మాట రాలేదు. మా తబలా ఆయన నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. నేను చరణం ముందు బిట్టు మళ్ళీ వాయించాను, రెండోసారి ఇంకాస్త నెమ్మదిగా. పాప ఊపిరి పీల్చుకుని అందుకుంది. కింద కూర్చున్నవాళ్ళకి తెలియనే తెలియదు, వాళ్ళమ్మ మాత్రం చప్పట్లు ఆపలేదు. అదే ట్రాకైతే? దాని దారిన అది పోయేది, పాప ఏడుస్తూ దిగేది.

గుణుపురం గట్టాలు:
మీ మాటే నా మాట. మా గుణుపురం లైను చిన్న గేజీగా ఉన్న రోజుల్లో, రైలు దిగి కాసేపు నడిచి మళ్ళీ అదే రైలు ఎక్కొచ్చని మా తాత నవ్వేవాడు. బ్యాండు ఆ రైలు. మనకోసం ఆగుతుంది. ట్రాకు ఎక్స్‌ప్రెస్సు, మన ఊళ్ళో దానికి హాల్టు లేదు.

తబలా వాయించేవాణ్ణి కాబట్టి నా కష్టం కూడా రాస్తా. వానాకాలం చవితి పందిట్లో గాలిలో తడికి పుడి, అంటే తబలా మీది తోలు, వదులైపోతుంది. పక్కన పట్టీల కింద ఉండే చెక్కముక్కలు, అవే గట్టాలు, కిందికి కొట్టి శ్రుతి ఎక్కిస్తే పావుగంటకి మళ్ళీ దిగుతుంది. ఒక పాట ఒకటిన్నర శ్రుతిలో, తర్వాతి పాట దానికి చాలా పైనున్న ఐదున్నర శ్రుతిలో అంటే ఒక్క తబలాతో అయ్యే పని కాదు. అందుకే రెండు కుడి తబలాలు మోసుకెళ్తాను. సుత్తితో టక్ టక్ అని శ్రుతి చేసుకుంటుంటే ముందు వరసలో పిల్లలు నవ్వుతారు, యాంకరు "ఇంకా ఎంతసేపండీ" అని మైకులోనే అడుగుతాడు. ఇదంతా ఎవడు ఓర్చుకుంటాడు? ఫోనులో ప్లే నొక్కితే అయిపోతుంటే!

గోపాలపూర్ రోడ్డు అక్క:
తమ్ముడూ, పాప సంగతి చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ నీ మాట ఒప్పుకోను.

పెళ్ళైన కొత్తలో ఒక మెలోడీ బ్యాండుతో నాలుగు నెలలు పాడాను. సాధన రాత్రి తొమ్మిదికి మొదలు, పదకొండుకి గానీ తెమలదు. గదిలో ఆరుగురు మగవాళ్ళు, నేను ఒక్కదాన్ని. మా ఆయన బయట స్కూటరు మీద కూర్చుని దోమలు కొట్టుకునేవారు, పాపం. నా శ్రుతి ఐదున్నర. వాళ్ళ కీబోర్డు ఆయన "మేడం, కాస్త కిందకి పాడండి, మావాళ్ళకి అక్కడ అలవాటు" అనేవారు. కిందకి పాడితే నా గొంతు గొంతులా ఉండదు. రెండు ప్రోగ్రాములయ్యాక మానేశాను. ఎవరూ ఎందుకు మానేశావని అడగలేదు కూడా.

పద్నాలుగేళ్ళు పాడలేదు. మా అమ్మాయి ఫోనులో కరావోకే యాప్ పెట్టిచ్చింది. కుక్కరు ఒకవైపు కూత పెడుతుంటే వంటింట్లో సాధన చేశాను. నా శ్రుతికి ట్రాకు నేనే జరుపుకుంటాను, ఎవరినీ బతిమాలక్కర్లేదు. మీ క్లబ్బువాళ్ళన్నారే, అలాంటి క్లబ్బులోనే నేనూ ఉన్నాను. మాలో పదిమందిమి ఆడవాళ్ళమే. బ్యాండు ఆ పాప కోసం ఆగింది సరే, నాకోసం ఆగలేదు.

పర్లాకిమిడి పందిరి:
కమిటీ మనిషిగా నా గోడు వినండి. నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదికల్లా మైకు ఆపాలి. పండగలకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చినా ఏడాదిలో 15 రోజులు మించకూడదు, అదీ ప్రభుత్వం ముందే చెప్పిన రోజులకే. హారతి అయ్యేసరికి ఏడున్నర. బ్యాండు వచ్చి తీగలు కలుపుకుని, "హలో చెక్, ఒన్ టూ" అనేసరికి ఎనిమిదిన్నర. ఇంక పాటలకి మిగిలేది గంటన్నర. అందులో అధ్యక్షులవారి ఉపన్యాసం ఒకటి.

పైగా మా పందిట్లో సగం తెలుగువాళ్ళం, సగం ఒడియావాళ్ళు, కుర్రాళ్ళేమో హిందీ అడుగుతారు. వంతెన దాటి పాతపట్నం నుంచి వచ్చినవాళ్ళు పాత తెలుగు పాట అడుగుతారు. సంబల్‌పురి పాట ఒక్కటైనా పడకపోతే వెనక వరసలు లేచిపోతాయి. మాకు తెలిసిన బ్యాండుకి వచ్చినవి ముప్ఫై పాటలు. ట్రాకులో లేని పాట లేదు. చందాలు ఇచ్చేది జనం, వాళ్ళు అడిగింది వినిపించొద్దా?

ఊరికే చదివేవాణ్ణి:
కరావోకే అంటే జపాన్ మాటలో 'ఖాళీ ఆర్కెస్ట్రా' అట. పేరులోనే ఉంది, ఇంక చర్చ ఎందుకు?

గోపాలపూర్ రోడ్డు అక్క:
ఖాళీగా ఉంది కాబట్టే నాకు చోటు దొరికింది బాబూ.

ఇచ్ఛాపురం సౌండు:
ఇరవై ఏళ్ళుగా స్పీకర్లు మోస్తున్నాను. రెండు పక్షాలకీ తలంటాలి.

ముందు ట్రాకువాళ్ళు. ఆ బ్లూటూత్ మైకులు పిల్లల పుట్టినరోజుకి సరే, పందిట్లో వద్దు. మామూలు బ్లూటూత్‌లో ధ్వని 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. వినడానికి చిన్న అంకె. గాలిలో ధ్వని సెకనుకి 340 మీటర్లు పోతుంది, ఆ లెక్కన 200 మిల్లీసెకన్లంటే పాడేమనిషి వీధి చివర నిలబడి పాడుతున్నట్టు. వాళ్ళకేమో తాము తాళంలోనే ఉన్నామనిపిస్తుంది, బయటికి మాత్రం ప్రతి మాటా వెనకబడి వినిపిస్తుంది. వైరు మైకు అడగండి. ఫోను నుంచి మిక్సరుకి కూడా వైరే పెట్టండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, ఇది మాత్రం మరిచిపోవద్దు. ఒక షష్టిపూర్తిలో మాంచి ప్రేమపాట రెండో చరణంలో ట్రాకు ఆగిపోయి, నాలుగు స్పీకర్లలోనూ రింగుటోను మోగింది. ఫోను చేసింది గ్యాసు బండ తెచ్చేవాడు. ఆ షష్టిపూర్తి పెళ్ళికొడుకైన తాతగారు ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతారు.

ఇక బ్యాండువాళ్ళు. చిన్న పందిట్లో కీబోర్డు ఆయన తన శబ్దం తనకి వినబడలేదని పెంచుతాడు. దాంతో గిటారు ఆయన పెంచుతాడు. ఇద్దరి మధ్యా పాడేమనిషి అరుస్తుంది. అక్కగారు కిందకి పాడలేకపోయారంటే శ్రుతి ఒక్కటే కారణం కాకపోవచ్చు, తన గొంతు తనకి వినబడి ఉండదు. మైకు వెనక భాగం ఎటుందో అటు, నేలమీద పాడేమనిషి వైపు తిప్పి ఒక చిన్న స్పీకరు, అంటే మానిటరు, పెడితే చాలు. స్టేజీ మైకులు చాలామటుకు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని పట్టవు, కూత రాదు. కానీ మనవాళ్ళు సినిమాల్లో చూసి మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. అలా పట్టుకుంటే అది అన్ని వైపుల నుంచీ శబ్దం లాగుతుంది, కుయ్యిమంటుంది. అప్పుడు అందరూ నా వైపు చూస్తారు, తప్పు నాదైనట్టు.

ఇంకోటి. కీబోర్డు బరంపురం గారూ, మూడేళ్ళ కిందట మా ఊరి పందిట్లో ఆడమనిషి పాటకి కీబోర్డు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ రెండు మెట్లు పెంచి, తర్వాత మగాయన పాటకి దించడం మరిచిపోయింది మీరే కదా?

కీబోర్డు బరంపురం:
నేనే. అబద్ధం ఎందుకు. ఆయన పైస్థాయిలో నరాలు ఉబ్బిపోయేలా పాడుతుంటే, ఈరోజు గొంతు బాగా తెరిచాడే అనుకున్నాను. చరణంలో గొంతు చీలిపోయాక గానీ తెర మీద '+2' కనబడలేదు. పాట మధ్యలో దించితే ఇంకా ఘోరం. అలాగే పూర్తి చేశాం. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

రాయగడ ప్లీడరు:
అమెచ్యూరు బృందాలకి పనికొచ్చే మాట ఒకటి. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షనులో మినహాయింపులున్నాయి. అమెచ్యూరు క్లబ్బో సొసైటీయో టికెట్టు లేని ప్రేక్షకుల ముందు గానీ, మత సంస్థ మేలు కోసం గానీ ఒక రచననో సంగీతాన్నో ప్రదర్శిస్తే అది హక్కుల ఉల్లంఘన కాదు. నిజమైన మతపరమైన వేడుకకి, పెళ్ళి ఊరేగింపుకి, పెళ్ళి తాలూకు వేడుకలకి వేరే ఉపనిబంధన ఉంది, అందులో రికార్డింగులు కూడా వస్తాయి. మొదటిదాంట్లో మాత్రం రికార్డింగు మాట లేదు. అంటే గుడి కోసం వాయించే అమెచ్యూరు బృందాన్ని చట్టం పేరుపెట్టి మరీ పక్కన కూర్చోబెట్టుకుంది. హోటల్లో టికెట్టు పెట్టి పాడేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు లైసెన్సు చూసుకోవాలి.

గుణుపురం గట్టాలు:
ప్లీడరు గారూ, చట్టం కూర్చోబెట్టుకున్నా కమిటీ లేపేస్తోంది కదండీ.

పర్లాకిమిడి పందిరి:
ఊరికే పాడతామన్నవాళ్ళని కాదని డబ్బు అడిగేవాళ్ళని పిలవాలంటే చందా ఇచ్చినవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి. మీరే చెప్పండి, ఏమని చెప్పను?

కీబోర్డు బరంపురం:
ఘంటసాల గారు విజయనగరంలో వారాలు చేసుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఈ ప్రాంతంలో సంగీతమంటే మనిషి పక్కన మనిషి కూర్చుని నేర్చుకున్నది. ఆ పాప వచ్చే ఏడాది మా తబలా ఆయన పక్కన కూర్చుంటుంది, ఫోను పక్కన కూర్చుంటే ఏం నేర్చుకుంటుంది? కమిటీవాళ్ళకి అది చెప్పండి.

గోపాలపూర్ రోడ్డు అక్క:
ఘంటసాల గారికి గురువుగారు ఇంట్లో చోటిచ్చారు తమ్ముడూ. నాకు మీ డాబా మీద గదిలో ఎవరిచ్చారు? మనిషి పక్కన మనిషి అంటున్నావు. ఆ మనుషుల్లో ఆడవాళ్ళు ఎంతమంది, మీ ఐదుగురిలో?

కీబోర్డు బరంపురం:
ఒక్కరూ లేరక్కా. ఆడగొంతు కావలసినప్పుడు ప్రోగ్రాం రోజుకి ఒకరిని పిలుస్తాం.

ఇచ్ఛాపురం సౌండు:
అందుకే మరి ట్రాన్స్‌పోజు మరిచిపోయింది. సాధనలో ఆ శ్రుతి ఒక్కసారైనా వాయించి ఉంటే చెయ్యి దానంతటదే దించేది.

ఊరికే చదివేవాణ్ణి:
ట్రాకు పెట్టి, దానిమీద తబలా లైవులో వాయిస్తే? ఇద్దరికీ న్యాయం.

గుణుపురం గట్టాలు:
దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఒకసారి చేశాను. ట్రాకులో ముందే ఒక తబలా ఉంటుంది, డోలక్ ఉంటుంది. వాళ్ళు బొంబాయిలోనో మద్రాసులోనో అచ్చు గుద్దినట్టు వాయించేశారు, నేను పందిట్లో వాళ్ళ వెనక పరిగెత్తాలి. ఇంటికెళ్ళాక మా ఆవిడ అడిగింది, "ఈరోజు నువ్వు వాయించావా?" అని.

కీబోర్డు బరంపురం:
అక్కా, ట్రాకు లైవ్ కాదన్న మాట మీద నేను అక్కడే ఉన్నాను. అది వేరు. చవితికి మూడో రోజు ఇంకో వీధివాళ్ళు మమ్మల్ని పిలిచారు. రూ.4,000 ఇస్తామన్నారు, ఒప్పుకున్నాను. ఐదున్నరలో నాలుగు పాటలు నేను, తబలా ఆయన సాధన చేసి ఉంచుతాం. మీరు వస్తారా?

గోపాలపూర్ రోడ్డు అక్క:
సాధన ఎన్నింటికి?

కీబోర్డు బరంపురం:
మామూలుగా ఎనిమిదిన్నరకి.

గోపాలపూర్ రోడ్డు అక్క:
సాయంత్రం ఐదింటికైతే వస్తాను. మా క్లబ్బు నుంచి ఇంకో ఇద్దరు వస్తారు.

కీబోర్డు బరంపురం:
ఐదింటికి మా తబలా ఆయన కొట్టు మూయడక్కా. ఆదివారం మధ్యాహ్నం అయితే మూస్తాడు, అడిగి చెప్తాను. మానిటరు ఒకటి ఇచ్ఛాపురం ఆయన ఊరికే ఇస్తే బావుణ్ణు.

ఇచ్ఛాపురం సౌండు:
ఊరికేనా? ఇప్పటిదాకా ఊరికే పాడేవాళ్ళ మీదే కదండీ మీ గొడవ! రూ.300.