కర్పె దియెమ్: ‘పట్టు’ కాదు సరే, తెలుగులో ఏ క్రియ?

లాటిన్ కవి హోరేస్ ‘ఓడ్స్’, మొదటి పుస్తకం, 11వ గీతం. ‘ఐతాస్ … దియెమ్ క్వమ్ మినిముమ్ క్రేదుల పొస్తెరో’: రేపటిని వీలైనంత తక్కువ నమ్ముతూ ఈ రోజును (దియెమ్) … అని. ఆ ఖాళీలో కపెనా, కర్పెనా? ‘ఈ రోజును ఒడిసిపట్టు’ అని అందరూ అనడంతో ‘పట్టుకో’ అనే కపెయే నాలుక మీదికి వస్తోంది. తెలుగులో మీరైతే ఏ క్రియ వాడతారు?

—

కర్పె. ఛందస్సే సాక్షి. పాదానికి 16 అక్షరాలు: రెండు గురువులు, ఆపైన భగణం+గురువు మూడుసార్లు, చివర లఘువూ ఇంకో అక్షరమూ. ‘ఐతాస్’తో మొదటి రెండూ సరి. మూడోది గురువే కావాలి: కర్-పె-ది-యెమ్. కపె పెడితే క, పె, ది మూడూ లఘువులై గణం చెడుతుంది.

—

మాస్టారూ, ‘యెమ్’ గురువైంది కూడా తర్వాత హల్లు ఉండబట్టే. అచ్చు వచ్చుంటే ఆ ‘ఎమ్’ కాస్తా లోపించేది.

ఇక అర్థం. కర్పెరె మూలంలో కోతే. లిథువేనియన్ కిర్ప్తి (కత్తెరతో కత్తిరించడం), గ్రీకు కర్పోస్ (పండు), ఇంగ్లీషు హార్వెస్ట్, మన కృపాణం, అన్నిటిదీ ఒకే ధాతువు. కృపతో మాత్రం ముడిపెట్టకండి, అది వేరు. నా ఓటు ‘కోయ్’కే: పూలకూ వరికీ ఒకే మాట.

—

‘రోజును కోయ్’ అంటే కోతలు కోయడం గుర్తొస్తుందండీ. గీతంలోనే చూడండి: ముందు ‘వీన లిక్వేస్’, మడ్డి పోయేలా ద్రాక్షసారా వడకట్టు. వెంటనే ‘రెసెకేస్’, సాగిన ఆశను తీగలా కురచగా కత్తిరించు. ఆ తర్వాత కర్పె. పండినదాన్ని తొడిమ దగ్గర ‘తెంపు’.

—

మరి ఇంకో లాటిన్ కవి వర్జిల్ ఈనియడ్ కావ్యం 6వ కాండలో ‘కర్పె వియమ్’ (వియమ్ అంటే దారిని)? దారిని తెంపుతామా? అడుగడుగుగా దారి తరిగేలా నడవమని. ఆయనదే, సేద్యం మీది కావ్యం గియోర్గిక్స్ మొదటి పుస్తకంలో రాత్రిపూట ఉన్ని ఏకే అమ్మాయిలకూ ఇదే క్రియ, ‘కర్పెంతేస్’. ఏకేటప్పుడు గుప్పిట పట్టి లాగరు, పోగుపోగుగా విడదీస్తారు. కొంచెం కొంచెంగా తీసుకోవడం అనే ఆ ఛాయ ‘గిల్లు’లో ఉంది, ‘తెంపు’లో లేదు.

—

వర్జిల్ దాకా వచ్చారు కాబట్టి, ఆయన పశుకాపరుల పాటల్లో 9వది, 9వ ఎక్లోగ్ వదలకండి! ‘డాఫ్నిస్, బేరిచెట్లకు అంటు కట్టు, నీ పండ్లను మనుమలు కోసుకుంటారు’: ‘కర్పెంత్ తువ పోమ నెపోతేస్’. అక్కడ ‘గిల్లు’ పెట్టి చూడండి, కుదరదు.

—

‘కోసుకుంటారు’ అన్నది వర్తమానమా, భవిష్యత్తా?

—

భవిష్యత్తు. వర్తమానమైతే ‘కర్పుంత్’. ఆ ఒక్క ఎకారమే పండ్లను మనుమల కాలానికి దాచింది.