ఎసిటాలోప్రామ్ ఆపడానికి నాలుగు వారాలు చాలా, నెలలు పట్టాలా?

కృష్ణాతీరం:
డిప్రెషన్‌కి ఇచ్చే ఎసిటాలోప్రామ్‌ని రోజుకు 10 మి.గ్రా. చొప్పున రెండేళ్లు వాడిన మనిషి విషయం. డాక్టరు గారు రెండు వారాలు 5 వేసుకోమన్నారు, ఆపైన రెండు వారాలు రోజు విడిచి రోజు 5, తర్వాత బంద్. నెట్‌లో చూస్తే కొందరు ఏడాది పట్టాలంటున్నారు. ఏది సబబు?

మాత్రాబలం:
నాలుగు వారాలు ఎక్కువమందికి చాలండీ. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన, చాలా అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ప్రకారం మందు ఆపాక లక్షణాలు కనిపించింది 31 శాతం మందికి. ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్లలోనూ 17 శాతం మందికి కనిపించాయి! తీవ్రంగా బాధపడింది 35 మందిలో ఒకరు. ఆ ఒక్కరి కోసం అందరికీ ఏడాది సాగదీయడం దేనికి?

కిందిమెట్టు:
మాత్రాబలం గారూ, ఆ అధ్యయనాల్లో చాలావాటిలో మందు వాడింది కొద్ది వారాలో, నెలలో. ఇక్కడ రెండేళ్లు. పైగా అసలు చిక్కు చివరి మెట్లలో ఉంది. దీనికి అన్నలాంటి మందు సిటాలోప్రామ్ లెక్క చూడండి. 20 మి.గ్రా. దగ్గర మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్లలో సుమారు 80 శాతాన్ని మందు పట్టి ఉంచుతుంది. 9 దగ్గర 70, 5.4 దగ్గర 60, 2.3 దగ్గర కూడా 40. అంటే 20 నుంచి 9కి దిగితే పోయేది పది శాతమే. 5 నుంచి సున్నాకి దూకితే దాదాపు అరవై ఒక్కసారే పోతుంది. "సగానికి తగ్గించినప్పుడు ఏమీ కాలేదు, పూర్తిగా ఆపాకే తల జివ్వుమంటోంది" అనేది అందుకే. 2019లో హోరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు చెప్పింది ఇదే.

రోజు విడిచి రోజు అనేది ఇంకా తప్పు. ఈ మందు ఒంట్లో సగమవడానికి 30 గంటలు పడుతుంది. 48 గంటల విరామంలో మూడో వంతుకు పడిపోయి, మాత్ర పడగానే మళ్లీ లేస్తుంది. రోజూ తక్కువ డోసు వేసుకోవడం మేలు.

మాత్రాబలం:
రోజు విడిచి రోజు విషయంలో మీ మాటే రైటు. ఫ్లూయాక్సెటిన్ అనే ఇంకో డిప్రెషన్ మందుకైతే చెల్లుతుంది, అది రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. కానీ తిరిగొచ్చిన డిప్రెషన్‌ని కూడా మందు మానిన బాధ అనుకుని కూర్చుంటే ప్రమాదం. 2021లో ఇంగ్లండ్‌లో జరిగిన ట్రయల్‌లో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది ఆపినవాళ్లలో 56 శాతానికి, కొనసాగించినవాళ్లలో 39 శాతానికి.

కిందిమెట్టు:
తేడా పట్టడానికి ఆనవాళ్లున్నాయి. కళ్లు పక్కకు తిప్పగానే తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, తూలు, వికారం, పిచ్చి కలలు: ఇవి డోసు తగ్గించిన కొద్ది రోజుల్లోనే మొదలవుతాయి, పాత డోసుకు వెళ్తే చాలావరకు ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటాయి. జబ్బు తిరగబెట్టడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. తేదీ, డోసు, లక్షణం రోజూ ఒక లైను రాసిపెట్టుకుంటే డాక్టరుకి సగం పని తగ్గుతుంది. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయాలి.

మందులకౌంటర్:
మీ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ స్ట్రిప్ వెనక ఏం రాసుంది? మన దగ్గర ఎసిటాలోప్రామ్ 10తో ఆందోళన తగ్గించే క్లోనాజెపామ్ 0.5 కలిపిన మాత్ర విపరీతంగా నడుస్తుంది. అదైతే సగం చేసిన ప్రతిసారీ రెండు మందులు తగ్గిస్తున్నట్టే. క్లోనాజెపామ్ ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టరు చేత రెండూ విడివిడిగా రాయించుకుని, ఒక్కోదాన్ని వేరే వేరే తగ్గించాలి.

కోసే సంగతి: గీత ఉన్న మామూలు మాత్ర సగానికి బాగానే తెగుతుంది. పావు చేస్తే పొడి రాలిపోయి ఓ ముక్క పెద్దది, ఓ ముక్క చిన్నది. 5 కంటే కిందికి దిగాలంటే లిక్విడ్ దొరుకుతుందేమో అడగండి. డెస్‌వెన్లాఫాక్సిన్ (ఇదీ డిప్రెషన్ మందే) లాంటి నిదానంగా కరిగే మాత్రల్ని మాత్రం కోయకూడదు, నలపకూడదు. రోజంతా విడుదలవ్వాల్సింది ఒక్కసారే దిగిపోతుంది.

కృష్ణాతీరం:
స్ట్రిప్ తిప్పి చూశా. క్లోనాజెపామ్ 0.5 ఉంది. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, అప్పటిదాకా ఏదీ తగ్గించడం లేదు.