మా చెరువులో పసుపు సన్నతూనీగ: ఏ జాతి?

తుంగగట్టు: నర్సంపేట దగ్గర మా ఊరి చెరువు ఒడ్డున తీసిన ఫొటో ఇది. వాలినప్పుడు రెక్కలు ముడిచే రకం, డామ్‌సెల్‌ఫ్లై. అగ్గిపుల్లంత పొడవు, తోక నిమ్మపండు పసుపు. గోల్డెన్ డార్ట్‌లెట్ అనుకుంటున్నా. మా దగ్గర ఎప్పుడూ చూడలేదు. అరుదైనదే, చెరువును ముట్టుకోవద్దు.

వలకాడు: కాదు తమ్ముడూ. గోల్డెన్ డార్ట్‌లెట్‌కు వీపు నల్లగా ఉండి ఆకుపచ్చ చారలుంటాయి, తోక చివర నీలం ఉంటుంది. పొడవు నీ అగ్గిపుల్లలో సగమే. నీ ఫొటోలో వీపు పాచిరంగు, తోక చివరిదాకా మచ్చలేని పసుపు. కోరమండల్ మార్ష్ డార్ట్ మగది. 1798లోనే ఫాబ్రిషియస్ అనే కీటక శాస్త్రవేత్త పేరు పెట్టాడు. దేశమంతా ఉంది, శ్రీలంకలోనూ ఉంది. కుంట, వరిమడి, పాతబావి, ఏదైనా చాలు దానికి.

తుంగగట్టు: చివర నీలం ఉందన్నా. జూమ్ చేసి చూడండి.

పాకాల_బాట: అది వెనక నీళ్ల మెరుపు.

తుంగగట్టు: నాకు నీలమే కనిపిస్తోంది. పోయిన నెల నా ఫొటోకూ మీరు ఇట్లనే అడ్డం పడ్డారు. కొత్తవాళ్లు ఏం పెట్టినా తప్పేనా?

వలకాడు: పోయిన నెల సంగతి ఎందుకు? మీ పక్క ఊరే మాది, చెరువు ఒకటే. నీ పోస్టు చూపించి గుర్రపుడెక్క తీసే పని ఆపించారు. మూడు రోజులైంది. చేపపిల్లలు వదిలినం. నీళ్లమీద అది చాపలా కప్పేస్తే కింద చేపకు ఊపిరాడదు. మా నాన్న వల రెండుసార్లు చిరిగింది. లేని అరుదు పేరు చెప్పి మా పొట్ట కొట్టకు.

తుంగగట్టు: పని ఆగిందని నిజంగా తెలియదన్నా. ఫొటో పెద్దది చేసి చూశా, నీలం లేదు. మీరు చెప్పిన జాతే. గుర్రపుడెక్క తీయండి. కానీ జేసీబీతో ఒడ్డున తుంగ కూడా గీకేస్తారట. నిన్న గంటసేపు చూశా. ఆడది తుంగకాడలో తోక గుచ్చి గుడ్లు పెడుతుంటే, మగది దాని మెడ పట్టుకొని నిటారుగా నిలబడింది. కాడ పోతే గుడ్లూ పోతాయి. అంతటా దొరికేదైతే మాత్రం ఇక్కడ పోవాలా? వాటి పిల్లలు నీళ్లలో దోమపిల్లల్ని తింటాయి.

పాకాల_బాట: తుంగ ఉంటే చేపకు నష్టమా?

వలకాడు: తుంగతో మాకు పేచీ లేదు, చేపపిల్లలు అందులోనే దాక్కుంటాయి. తూము దగ్గర తెప్ప దింపే జాగా మాత్రం తీయాల్సిందే.

తుంగగట్టు: ఎంత వెడల్పు కావాలన్నా? ఆ ఫొటో తీసింది తూము పక్కనే.