‘నాకు లేమి కలుగదు’: ఈ ‘కలుగదు’ దగ్గర కాస్త ఆగుదామా?

బైబిలులోని 23వ కీర్తన మొదటి వాక్యం గురించి ఒక సంగతి గుంపులో పెట్టాలనిపించింది. ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు.’ చర్చి గడప తొక్కనివాళ్ళ చెవిన కూడా ఎప్పుడో ఒకప్పుడు పడే వాక్యమే. అందరూ కాపరి గురించి మాట్లాడతారు గాని, ‘లేమి కలుగదు’ దగ్గర ఎవరూ ఆగరు.

లేమి అంటే లేకపోవడం. ‘లేదు’లో ఉన్న ‘లే’యే ఇందులోనూ ఉంది. బ్రౌను నిఘంటువు దీనికి పేదరికమనే అర్థం కూడా ఇస్తుంది. దీని జంట కలిమి, అది ‘కలుగు’ నుంచి వచ్చింది. ‘కలిమిలేములు కావడికుండలు’ అన్న సామెత అందరికీ తెలిసిందే. కీర్తనలో మాత్రం ఆ రెండూ ఒకే వైపు చేరాయి: లేమి, ఆ వెంటనే కలుగదు. లేకపోవడమేమిటి, కలగడమేమిటి? ‘అనుమానం కలిగింది’, ‘నష్టం కలిగింది’ అని రోజూ అంటూంటాం కాబట్టి ఈ తమాషా చెవికి తట్టదు. హీబ్రూలో ఇక్కడున్నది ‘కొరతపడను’ అనే అర్థమిచ్చే క్రియ ఒక్కటే, దాని ముందొక నిషేధపదం. ఈ లేమి-కలుగుల జోడీ తెలుగులోకి వచ్చాక కుదిరింది.

మార్కు సువార్త 12:44లో ఇదే జోడీ మళ్ళీ కనిపిస్తుంది. బీద విధవరాలు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన ఘట్టం. ధనవంతులు ‘తమకు కలిగిన సమృద్ధిలోనుండి’ వేశారట. ఈమె ‘తన లేమిలో తనకు కలిగినదంతయు, అనగా తన జీవనమంతయు’ వేసిందట. గ్రీకులో రెండు చోట్లా ‘నుండి’ అనే అర్థమిచ్చే ‘ఎక్’ అన్న మాటే ఉంది. తెలుగులో ఉన్నవాళ్ళకి మాత్రమే ‘లోనుండి’, ఆమెకు ఉత్త ‘లో’. వాళ్ళు సమృద్ధిలోంచి కొంత తీశారు. ఆమె లేమిలో ఉండే వేసింది. అనువాదకులు కావాలని చేశారో, నుడికారం కొద్దీ అలా పడిందో గాని, ఈ ఒక్కచోట నాకు మూలం కంటే తెలుగే నచ్చింది. పాస్టరు గార్లు ఎవరైనా ఉంటే క్షమించాలి.

అసలు ఈ మాట మీద నా దృష్టి పడడానికి కారణం ఒక పెద్దావిడ. మేముండే చోట మెట్లు కడుగుతుంది. అక్షరం ముక్క రాదు, ఈ కీర్తన మాత్రం మొత్తం కంఠతా. పైమెట్టు నుంచి కిందికి దిగుతూ, తడిగుడ్డ పిండుతూ, పాటా కాకుండా మాటా కాకుండా గొణుక్కుంటూ ఉంటుంది. సబ్బునీళ్ళలో నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను: ‘లేమి కలగదంటావు సరే, నీకున్నదేమిటి పెద్దమ్మా?’

ఆవిడ తలెత్తకుండానే అంది: ‘లేనివి లేవని ఎవరన్నారు బాబూ? బోలెడు లేవు. లేకపోతే లేకపోయినయ్యి. లేమి నాకు అంటుకోదంటన్నా, అంతే.’ అని కిందిమెట్టు మీదికి జరిగింది.

ఆమె చెవికి ‘కలుగదు’ అలా వినిపించిందన్నమాట. నేను లేమిని ఒక జాబితాలా చదివాను: ఇల్లు లేదు, పొదుపు లేదు, చూసుకునేవాళ్ళు లేరు. ఆమె దాన్ని భయంలా, జ్వరంలా మనిషికి కలిగేదిగా తీసుకుంది. వ్యాకరణం ఇద్దరికీ చోటిస్తుంది. ‘నాకు డబ్బు లేదు’లోనూ ‘నాకే’, ‘నాకు భయం లేదు’లోనూ ‘నాకే’. తోటి పనిమనిషి మంచాన పడితే నెల పొడుగునా ఆమె వంతు మెట్లు కూడా తనే కడిగి, ఆ డబ్బు తీసుకెళ్ళి ఆమెకే ఇచ్చి వచ్చిన మనిషి ఈవిడ. ఆ సంగతి కూడా వేరేవాళ్ళు చెబితే తెలిసింది. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఆ రోజు నుంచి నాకు లేనివాటి లెక్క నేను తీసే తీరు నాకే ఎబ్బెట్టుగా ఉంటోంది.

వ్యాఖ్య:
పోస్టు బాగుందండీ. కానీ మార్కు 12:44 చదివేవాళ్ళు నాలుగు వచనాలు వెనక్కి వెళ్ళాలి. శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, ‘విధవరాండ్ర యిండ్లు దిగమింగుచు’ దీర్ఘప్రార్థనలు చేస్తారని యేసు మండిపడింది అక్కడే. ఆ వెంటనే ఈ విధవరాలు వస్తుంది. ఆ తర్వాత 13వ అధ్యాయం మొదట్లోనే ఆలయం రాతిమీద రాయి నిలవదంటాడు. ఆమెను మెచ్చుకున్నాడా, ఆమె చేతిలోని ఆఖరి కాసు కూడా లాక్కున్న ఏర్పాటును చూసి కడుపు మండిందా అన్నది వ్యాఖ్యాతల మధ్య ఇంకా తెగలేదు. పేదల విశ్వాసం చూసి మనం పొంగిపోవడం మహా సులువు సార్.

జవాబు:
ఒప్పుకుంటాను. ఆ ఘట్టంలో ‘మీరూ ఇలాగే చేయండి’ అన్న మాట కూడా లేదు. అయితే మా పెద్దావిడ గురించి ఒకటి చెప్పడం మరిచాను. జీతం పెంచమని మేముండే చోటి నివాసుల సంఘం మీటింగులో అందరి ముందూ గొంతెత్తి అడిగింది, పెంచేదాకా వదల్లేదు. ఆ మర్నాడు మెట్ల మీద మళ్ళీ అదే కీర్తన. ఆ రెండింటికీ పడదని ఆమెకు తోచనే లేదు. జీతం అడిగినవాళ్ళకి 23వ కీర్తన అప్పజెప్పే పెద్దమనుషులుంటే వాళ్ళను మీతో కలిసి నేనూ తిడతాను.

వ్యాఖ్య:
మార్కులో ‘లేమి’ అన్నచోట గ్రీకులో ఉన్న మాట ‘హుస్టెరేసిస్’. కొత్త నిబంధనలో అది ఇంకొక్కచోటే వస్తుంది, ఫిలిప్పీయులకు పౌలు రాసిన లేఖ 4:11లో. అక్కడ తెలుగులో ‘కొదువ’ అన్నారు: ‘నాకు కొదువ కలిగినందున నేనీలాగు చెప్పుటలేదు.’ ఇక్కడా ‘కలిగినందున’! ఆ వెంటనే ‘సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను’ అంటాడు. పౌలు అది రాసింది చెరలో ఉండి. ‘నేర్చుకొని’ అన్న మాట గమనించారా? పుట్టుకతో వచ్చిందనలేదు.

జవాబు:
ఇది నా కంట పడలేదు, భలే పట్టారు. ‘నేర్చుకొని’ ఉండబట్టే ఆ వాక్యం నమ్మబుద్ధేస్తుంది.

వ్యాఖ్య:
మరి యేసు ధన్యులని చెప్పినవాళ్ళు మత్తయి సువార్త 5:3లో ‘ఆత్మవిషయమై దీనులైనవారు’, లూకా సువార్త 6:20లో ‘బీదలైన మీరు’. రెండు చోట్లా గ్రీకు మాట ఒకటే కదా, తెలుగులో ఎందుకు మార్చినట్టు?

జవాబు:
ఒకటేనండీ, ‘ప్టోఖోయ్’, బొత్తిగా గతిలేనివాళ్ళు. మత్తయిలో ‘ఆత్మవిషయమై’ తోడయ్యేసరికి ‘బీద’ అతకలేదనుకున్నారేమో. నన్నడిగితే లూకాలోని ‘మీరు’ దానికంటే పెద్ద సంగతి, ఎదురుగా ఉన్నవాళ్ళ మొహం చూసి అంటున్నాడు. దీని మీద మీరే విడిగా పోస్టు పెట్టండి, ఇక్కడ ఇరికిస్తే రెండూ పాడవుతాయి.