అరటి నారతో యాక్టివేటెడ్ కార్బన్: కాస్టిక్ పొటాష్ వేస్తే నార పొడైపోతోంది

గుంటూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. కొల్లిపర వైపు తోటల్లో గెల కోశాక పారేసే అరటి బోదెల నారతో నీటి వడపోతకు యాక్టివేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాలతో మలినాలను పట్టుకునే బొగ్గు) చేయాలి. నాకు నార రూపంలోనే కావాలి, పొడి పనికిరాదు.

నారను పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగి ఆరబెట్టాను (అరటిలో పొటాషియం, బూడిద ఎక్కువ కదా). ట్యూబ్ ఫర్నేస్‌లో, నైట్రోజన్ నిమిషానికి 100 మి.లీ., వేడి నిమిషానికి 5 డిగ్రీల చొప్పున పెంచి 450 దగ్గర గంట ఉంచాను. ఇక్కడిదాకా నార చక్కగా నిలుస్తోంది. తర్వాత రంధ్రాలు ఏర్పడేందుకు బొగ్గుకు రెండింతల కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) కలిపి 750 డిగ్రీల దగ్గర గంట ఉంచితే, కడిగేటప్పుడు మొత్తం నల్లని బురదగా జారిపోతోంది. అయోడిన్ నంబర్ (గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్‌ను పట్టుకుంటుందో చెప్పే అంకె) మాత్రం 900 పైనే.

పొటాష్‌ను బొగ్గుతో సమానమయ్యేలా తగ్గిస్తే నార సగం నిలిచింది, నంబర్ 500కు పడిపోయింది. 600 డిగ్రీలకు దించినా అంతే. ఫాస్ఫారిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి 500 దగ్గర కాలిస్తే నార గట్టిగా ఉంది, కానీ నంబర్ 650 దాటలేదు. రసాయనాలకు బదులు స్టీమ్‌తో రంధ్రాలు చేద్దామంటే, అది పంపే ఏర్పాటు మా ల్యాబ్‌లో లేదు.

అరటి, గోగు, కొబ్బరి పీచు లాంటి నారలతో పనిచేసినవాళ్లు చెప్పండి: నార విరగకుండా అయోడిన్ నంబర్ 800 దాటాలంటే ఏ రసాయనం, ఎంత నిష్పత్తిలో, ఎన్ని డిగ్రీల దగ్గర వాడాలి?