పాత పేపర్ల ధరల హెడ్డింగులు: ఇప్పటి లెక్కలోకి ఎలా మార్చాలి?

కోటజంక్షన్ (విజయనగరం):
మా పేట గ్రంథాలయంలో ఉగాదికి చిన్న ప్రదర్శన పెడుతున్నాం. 1960ల నుంచి 1991 దాకా తెలుగు దినపత్రికల కట్ట ఒకటి ఉంది. ఏ ఏడాది తీసినా దేశం రేపో మాపో మునిగిపోయేటట్టే ఉన్నాయి హెడ్డింగులు. ధరలు ఎప్పుడూ ఆకాశాన్నే అంటుతున్నాయి, సామాన్యుడి నడ్డి ఏటేటా విరుగుతూనే ఉంది! పక్కన ఇప్పటి విలువ వేస్తే జనం నవ్వుకుంటారని ఆలోచన. లెక్క ఎలా కట్టాలి? ఏ వార్తలు పెడితే బాగుంటుంది? కాగితాలు మడతల దగ్గర పెళపెళా విరుగుతున్నాయి, దానికీ ఉపాయం చెప్పండి.

లెక్కలపద్దు:
బంగారంతో మాత్రం పోల్చకండి. అందరూ చేసే పని అదే. బంగారం పెరిగినంత బియ్యం పెరగలేదు, కూలీ పెరగలేదు.

పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ (వాళ్లు కొనే సరుకుల ధరలు ఎంత మారాయో చెప్పే అంకె) వాడండి, కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో ఇస్తుంది. చిక్కేమిటంటే దాని ఆధార సంవత్సరం (సూచీని 100 అనుకునే ఏడాది) మారుతూ వచ్చింది: 1960, 1982, 2001, 2016. ఒకదాన్నుంచి ఇంకోదానికి రావడానికి గుణకాలు ఉన్నాయి: 4.93, 4.63, 2.88. మూడూ గుణిస్తే 65.74. అంటే 1960 నాటి రూపాయి 2016లో దాదాపు 66 రూపాయలు. 2016ని 100 అనుకుంటే సూచీ ఇప్పుడు 140 దాటింది కాబట్టి ఇంకో 1.4తో గుణించండి, 92 వస్తుంది.

మీ పేపరు తేదీకి పాత శ్రేణిలో (1960ని 100 అనుకున్నది) సూచీ 150 ఉందనుకోండి. 140ని 65.74తో గుణించి 150తో భాగిస్తే 61. ఆ నాటి రూపాయికి ఇప్పటి 61 రూపాయలన్నమాట. గుణకాలు మరిచిపోయి 140ని నేరుగా 150తో భాగించారో, అప్పటికంటే ఇప్పుడే చవక అని తేలుతుంది. ఆ చార్టు గోడకి తగిలిస్తే హెడ్డింగులని చూసి కాదు, మిమ్మల్ని చూసి నవ్వుతారు.

ఇంకోటి. పాత వార్తల్లో 'ద్రవ్యోల్బణం ఇంత శాతం' అని ఉంటే అది చాలావరకు టోకు ధరల లెక్క. దాన్ని ఈ సూచీతో కలపకండి.

గోగునార (శ్రీకాకుళం):
సూచీ దాకా వెళ్లకముందు కొలత చూడండి బాబూ. 60ల మొదట్లో పేపర్లలో కిలోలూ వీశెలూ కలగాపులగంగా కనిపిస్తాయి. వీశె అంటే 120 తులాలు, సుమారు 1.4 కిలోలు. ఎనిమిది వీశెలు మణుగు. వీశె ధర తీసుకుని కిలో ధర పక్కన పెడితే లెక్క నలభై శాతం తప్పుతుంది.

తులం దగ్గర మరీ జాగ్రత్త. అప్పటి తులం 11.66 గ్రాములు. ఇప్పుడు మన షాపుల్లో తులం అంటే పది గ్రాములే.

డబ్బు సంగతి: నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. బేడ అంటే రెండణాలు, పన్నెండున్నర పైసలు. ఈ ముక్క ఒక అట్టమీద రాసి గుమ్మంలోనే పెట్టండి. లేకపోతే ప్రతి పిల్లాడూ బేడంటే ఏటని అడుగుతాడు.

పావలావడ్డీ:
నవ్వు సంగతికొస్తే నా ఓటు 1963 జనవరికి. బంగారం నియంత్రణ నిబంధనలొచ్చి, 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగ చెయ్యకూడదన్నారు. అంటే నూటికి 58 పాళ్లే బంగారం, మిగతాది రాగీ వెండీ. ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి. పెళ్లికూతురి పుస్తెల్లో కూడా అంతే! నవ్వొస్తుంది గానీ దానివల్ల కంసాలుల పొట్ట కొట్టినట్టయింది. ఆ వార్తలు దొరికితే పక్కనే పెట్టండి. 1966లో ఆ హద్దు సడలించారు. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా నడిచింది.

రెండోది 1966 జూన్ 6, రూపాయి విలువ తగ్గింపు. డాలరు 4.76 నుంచి 7.50కి పోయింది. ఒక పేపరులో 36.5 శాతమనీ, మరో దాంట్లో 57.5 శాతమనీ కనిపిస్తే కంగారు పడకండి. రూపాయి తగ్గింది 36.5, డాలరు పెరిగింది 57.5. రెండూ ఒకటే వార్త. ఎంత భయపెట్టాలనుకుంటే అంత అంకె.

1991 జూలైలో 1న ఓసారి, 3న మరోసారి రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో దాదాపు 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు. దాని పక్కన 2009లో రిజర్వు బ్యాంకు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గర 200 టన్నులు కొన్న వార్త పెట్టండి, వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

బడ్జెట్ మర్నాటి పేపరు తప్పనిసరి. 'పెరిగేవి, తగ్గేవి' డబ్బాలో సిగరెట్లు ఏటా పెరిగేవే. 1998 దాకా బడ్జెట్ సాయంత్రం అయిదింటికి. ఆ పూట ఏ కొట్టుకెళ్లినా సిగరెట్ పెట్టెలు నిండుకునేవి, తెల్లారితే కొత్త ధరతో బయటికొచ్చేవి. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ డబ్బా పస తగ్గిపోయింది.

పాతకాగితం:
అసలు కాగితాలు గోడకి పెట్టొద్దు. ఫొటో తీసి ఏ3 సైజులో ప్రింటు పెట్టండి. న్యూస్‌ప్రింటు నాసిరకం గుజ్జు, అందులో ఉండే లిగ్నిన్ వెలుతురు తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది.

మడత బలవంతంగా విప్పకండి. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ తొట్టి అడుగున తడిగుడ్డ, దానిపైన జాలీ, జాలీ మీద పేపరు. నీళ్లు కాగితానికి తగలకూడదు, చెమ్మ మాత్రమే తగలాలి. గంటకోసారి చూస్తూ మెత్తబడ్డాక తీసి, బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి పైన బరువు ఉంచండి. రాత్రంతా తొట్టిలో వదిలేస్తే బూజు ఖాయం, అసలే మనది సముద్రపు గాలి.

ఫొటోకి పైన అద్దం పలక పెట్టి, రెండు పక్కల నుంచీ ఏటవాలుగా వెలుగు పడనివ్వండి, ఫ్లాష్ వద్దు. సెల్లోటేపు, లామినేషను జోలికి అసలు పోవద్దు. జిగురు కొన్నాళ్లకి గోధుమరంగు మరకైపోతుంది, లామినేషను తిరిగి ఊడదు.

కోటజంక్షన్:
అందరికీ దండాలు. లామినేషన్‌కి ఇచ్చిన ఆర్డరు ఇప్పుడే ఆపించేశాను. 1966 నాటి రూపాయి తగ్గింపు వార్త ఉన్న పేపరు కట్టలో ఉంది గానీ పైభాగం చిరిగి తేదీ లేదు. వార్తని బట్టి తేదీ వెయ్యొచ్చా?

గోగునార:
లోపలి పేజీల నెత్తిన కూడా తేదీ ఉంటుంది, ముందు అక్కడ చూడండి. లేకపోతే సినిమా ప్రకటనలో 'నేడే విడుదల' చూసి పట్టుకోవచ్చు. ఏదీ దొరక్కపోతే 'జూన్ 1966' అని మాత్రమే రాయండి. 60ల్లో పేపర్లు మనకి విజయవాడ, మద్రాసుల నుంచి రైల్లో వచ్చేవి. వార్త తేదీ, పేపరు మీది తేదీ ఒకటి కావు.